పెనుకొండ గగనమహలు

సోమందేపల్లి చేలగట్లపై నిలిచి ఉత్తరపు దిక్కునకు చూచువారికి ఆకాశపుటంచున నొక పెద్ద కొండ కానవచ్చును. ఈ సీమలో పుట్టిన బిడ్డకు ఆ కొండ ఊహ తెలిసిననాటి చుట్టము. పశువులు కాచువారు దిక్కు తెలిసికొనుటకును, బండ్లు తోలువారు దూరము లెక్కించుటకును తరతరములుగా దానినే ఆనవాలుగా నుంచుకొనిరి. 'పెను' అనగా పెద్దది. కావున నది పెనుకొండ. శాసనములు వ్రాసినవారును, కావ్యములు కూర్చినవారును దానిని ఘనగిరి యనిరి. తెనుగు పేరును సంస్కృతపు పేరును ఒక్క అర్థమునే చెప్పుచున్నవి. ఆ కొండ పాదమున, పాతకోట లోపల, రెండంతస్తుల రాజగృహ మొకటి నేటికిని నిలిచియున్నది. జనులు దానిని గగనమహలందురు.

పండుగనాడో సెలవునాడో సోమందేపల్లినుండి బయలుదేరి పెనుకొండకు పోవువారు బాబయ్య దర్గాను దర్శింతురు. కోటలోని గుడులకు పోవుదురు. అటుపిమ్మట గగనమహలు మెట్లెక్కి, దిగి, నీడపట్టున కూర్చుండి, మూటలోని చిత్రాన్నము తిని, ప్రొద్దువాలునప్పటికి ఇల్లు చేరుదురు. అట్లు చూచివచ్చినవారిని 'ఎట్లున్నది?' అని యడిగినచో, పెద్దలును పిల్లలును తరచుగా ననుమాట యొక్కటే: 'ఇంతేనా రాజుగారి ఇల్లు?' 1912లో పూర్తియైన మైసూరు మహలును, అందలి అద్దములను, దీపాల వరుసలను చూచినవారు మరికొంత పెదవి విరుతురు.

ఆ ప్రశ్న తప్పుగాదు. కాని ప్రశ్నించి ఊరకుండుట తప్పు. 'ఇంతేనా' అని తోచుటలోనే ఆ యింటి చరిత్రమంతయు నిమిడియున్నది. అది యేల యింతయే అయ్యెనో తెలిసికొన్నవాడు రెండవమారు పోయినపుడు అచ్చట తలపాగా తీసి నిలుచును.

కోట ముందు, మేడ తరువాత

పెనుకొండను కేవలము గగనమహలు మూలముననే తెలిసికొనబూనుట, ఇంటిని గడపతో కొలుచుటవంటిది. మేడకు రెండువందల యేండ్లకు పూర్వమే అచ్చట కోట యున్నది. విజయనగర రాజ్యము స్థాపింపబడిన తొలినాళ్ళలోనే బుక్కరాయలు పెనుకొండ సీమను తన కుమారుడగు వీర విరుపణ్ణ ఒడయరున కొసగెననియు, అతని కాలమున కోట కట్టబడెననియు 1354 నాటి శాసనమువలన తెలియుచున్నది. కొండ చుట్టును, కొండపైనను సాగిపోవు ఆ గోడలను చూచినవారికి, ఎంత కూలిజనము, ఎన్ని యెడ్లజతలు, ఎన్ని వేసవులు దానికి ఖర్చుపడెనో ఊహకందదు. సున్నపు పనిలేక, బండపై బండను ఇమిడ్చి పేర్చిన గోడలును అందు గలవు.

కోట యొక్కటియే చాలదు. ముట్టడిలో గోడ నిలిచినను నీరు లేనిచో మనిషి నిలువడు. ఈ సీమ వానల సంగతి ఇచ్చటివారికి వేరుగ చెప్పనక్కరలేదు. దీనికి సంబంధించిన శాసన మొకటి గౌరిబిదనూరు ప్రాంతమున దొరకినది, కాలము 1388. రెండవ హరిహరరాయల కుమారుడు, యువరాజు బుక్కరాయలు పెనుకొండ నేలుచుండగా, ప్రజల సుఖము కొరకు హెన్నేటి నీటిని పెనుకొండకు తీసికొనిరావలయునని నిండుకొలువులో ఆజ్ఞాపించెనట. హెన్నేరు అనగా మన పెన్నేరే. ఆ పనికి నియమింపబడినవాడు సింగాయభట్టు. జలసూత్రమున, అనగా నీటిని నడిపించు శాస్త్రమున, ఆతడు ప్రవీణుడని శాసనము చెప్పుచున్నది. ఆతడు కాలువ త్రవ్వించి నీటిని సిరువేర చెరువునకు చేర్చెను. ఆ కాలువకు ప్రతాప బుక్కరాయ మండలపు కాలువ యని పేరిడెను.

చదువరులు ఇచ్చట నొక క్షణమాగి ఆలోచింపవలెను. ఆరువందల యేండ్లకు పైబడిన కాలమున, నిండుకొలువులో ఒక యువరాజు ఇచ్చిన ఆజ్ఞలలో రాతిపై చెక్కించి నిలుపదగినదిగా తోచినది మేడ కాదు, కాలువ. దానిని త్రవ్విన పనివాని పేరు సైతము రాజు పేరుతోపాటు నిలిచినది. గగనమహలు మెట్లెక్కువారు ముందుగా ఈ సింగాయభట్టును స్మరించుట న్యాయము. ఆతని నీరు లేనిదే ఈ మేడలో కాపురముండదగిన రాజే ఉండడు.

1565తో ఆగని చరిత్ర

1565వ సంవత్సరము జనవరి 23వ తేదీన కృష్ణానదీ ప్రాంతమున మహాయుద్ధము జరిగెను. దానిని తళ్ళికోట యుద్ధమనియు, రక్కసి తంగడి యుద్ధమనియు చెప్పుదురు. బిజాపురము, గోలకొండ, అహమ్మదునగరు, బీదరు సుల్తానులు ఒక్కటైరి. అళియ రామరాయలు ముదివయసున యుద్ధభూమిలోనే పట్టువడి శిరస్సు కోల్పోయెను. సైన్యము చెదరెను. విజయనగరము నెలల తరబడి దోపిడికి గురియై పాడయ్యెను.

పెక్కు బడిపుస్తకములలో విజయనగర చరిత్రము ఈ వాక్యముతో ముగియును. పిల్లలు దానినే వల్లించి పరీక్ష వ్రాసి మరచిపోవుదురు. ఆ ముగింపు మన సీమకు అన్యాయము చేయుచున్నది. ఏలయన, రాజ్యము 1565తో ముగియలేదు. అటుపిమ్మట సుమారు ఎనుబది యేండ్లు నడచినది. ఆ నడకలో తొలి పాతికయేండ్లకు పైగా దానికి రాజధాని పెనుకొండ. బడిపుస్తకము విడిచిపెట్టిన పుటలు సోమందేపల్లి పొరుగున జరిగినవే.

రామరాయల తమ్ముడు తిరుమలరాయలు యుద్ధమున మిగిలివచ్చి, పేరునకు రాజైయున్న సదాశివరాయలను, రాజబంధువులను, చేజిక్కిన ధనమును తీసికొని పెనుకొండకు చేరెను. ఆ ధనమును గురించి రాబర్టు సూయెల్ 1900లో ప్రకటించిన తన గ్రంథమున, బంగారము, వజ్రములు, రత్నములు మోసిన యేనుగులు 550 అని వ్రాసెను. ఈ సంఖ్య ఊరూర ప్రాకినది. కథలు చెప్పువారి నోట నవి వేయియు, రెండువేలును అయినవి.

దాని ప్రక్కనే మరియొక సాక్షి మాటను ఉంచి చూడవలెను. వెనీసు నగరపు వర్తకుడు సీజరు ఫ్రెడరికి 1567లో విజయనగరమును స్వయముగా చూచినవాడు. ఇండ్లు నిలిచియున్నను అందు మనుష్యులు లేరనియు, రాజు ఎనిమిది దినముల ప్రయాణ దూరమునగల పెనుకొండకు నివాసము మార్చుకొనెననియు ఆతడు వ్రాసెను. ఆతడే మరియొక సంగతి చెప్పినాడు. యుద్ధమున గుఱ్ఱములు పోగొట్టుకొన్న తిరుమలరాయలు, గుఱ్ఱములు తెచ్చినవారికి మంచి వెల నిత్తునని గోవ వర్తకులను ఆశపెట్టి, వారు తెచ్చిన గుఱ్ఱములను ఉంచుకొని, ఉత్తచేతులతో పంపివేసెనట.

జమ ఒకచోటను, ఖర్చు ఒకచోటను వ్రాసి సరిచూచు అలవాటుగలవారు ఈ రెండింటిని కలిపి చదువవలెను. 550 యేనుగుల సిరి గలవాడు గుఱ్ఱపు వెల ఎగవేయనేల? సిరి నిజమైనచో అది వినినంత గొప్పది కాదు. గొప్పదైనచో అది కోటలకు, జీతములకు, సామంతులను నిలుపుకొనుటకు వేగముగా కరగిపోయినది. ఏ విధముగ చూచినను, పెనుకొండకు వచ్చిన రాజు కష్టములో నున్న రాజు. గుఱ్ఱముల విషయమున ఆతడు చేసినది ధర్మము కాదు. కాని ఆ యధర్మమే ఆతని ఇక్కట్టునకు సాక్ష్యము. అట్టి రాజు తనకై పెద్దమేడ కట్టుకొనలేదన్న, 'ఇంతేనా' అని పెదవి విరుచుటకు మారుగా 'ఇంతయైనను ఎట్లు కట్టెను' అని యడుగవలసియున్నది.

తిరుమలరాయలు 1570 ప్రాంతమున తానే పట్టముగట్టుకొని అరవీటి వంశపు పాలనను స్థాపించెను. రాజ్యమును మూడు భాగములు చేసి, తెలుగు సీమకు శ్రీరంగరాయలను పెనుకొండలోను, కన్నడ సీమకు రామరాయలను శ్రీరంగపట్టణములోను, తమిళ సీమకు వేంకటపతిరాయలను చంద్రగిరిలోను నిలిపెను. ముగ్గురును ఆతని కుమారులే. ఈ అరవీటి వంశపు చరిత్రమునకే హేరాసు అను క్రైస్తవ గురువు 1927లో నొక పెద్ద గ్రంథము వ్రాసెను. 'ముగిసినది' అని బడిపుస్తకము చెప్పిన తావును దాటి ఆ గ్రంథము సాగుచున్నది.

మేడను చూచు విధము

గగనమహలును పండితులు 16వ శతాబ్దపు కట్టడముగా నెంచుచున్నారు. క్రింది అంతస్తున కోణపు కమానుల వసారా, దానివెనుక వంపు కప్పులతో గదులు. మెట్లెక్కినచో మీది అంతస్తు. అన్నింటికిని పైన, మెట్లు మెట్లుగా సన్నగిలుచు పోయిన శిఖరము. రాయి, ఇటుక, సున్నము, గచ్చు, ఇవియే దాని సరకులు. గచ్చుపూతపై పనివారు తీర్చిన నగిషీల ఆనవాళ్ళు అక్కడక్కడ మిగిలియున్నవి. గోడలలో గూళ్ళు గలవు. తలుపులు లేవు, సింహాసనము లేదు, మంచము లేదు. పిల్లలు తప్పక యడుగు 'రాజుగారి మంచ మెక్కడ?' అను ప్రశ్నకు, రాజులు పోయినపుడు వారి మంచములును పోవునని చెప్పుటకంటె వేరు సమాధానము లేదు.

శ్రద్ధగా చూచువారికి ఇందొక వింత తోచును. క్రింద కమానులు మసీదులయందును, సుల్తానుల మహళ్ళయందును కనబడునట్టివి. పైన శిఖరము దేవాలయ గోపురమునకు చుట్టము. ఒకే కట్టడమున రెండు పనితనములు కలిసి కాపురము చేయుచున్నవి. సుల్తానులతో యుద్ధమున సర్వమును కోల్పోయి వచ్చిన రాజవంశము, ఆ సుల్తానుల పద్ధతి కమానుల క్రిందనే నిద్రించినదన్నమాట.

దీనికి రెండు కారణములు చెప్పవచ్చును. మొదటిది ప్రయోజనమునకు సంబంధించినది. హంపిలో రాజనగరుల స్థానమున నేడు కనబడునవి తరచుగా రాతి అరుగులు మాత్రమే. స్తంభములును, పైకప్పులును కొయ్యవి యగుటచే అవి అగ్నికి ఆహుతియైనవి. కమానులతోను, గచ్చుకప్పులతోను కట్టిన కమలమహలు వంటివి మాత్రము నిలిచినవి. కొయ్య కాలును; కమాను కాలదు. ఒకమారు ఇల్లు కాలిన కుటుంబము రెండవయింటికి తాటాకు కప్పునా? పెనుకొండలోని ఈ కమానులును, ఈ గచ్చుకప్పులును అట్టి యెఱుకకు తగినట్టివే.

రెండవది లోకజ్ఞానమునకు సంబంధించినది. నేటివారు కొందరు ఆనాటి యుద్ధమును రెండు మతముల మధ్య గీచిన గీతగా చెప్పుకొందురు. ఆనాటివారి నడవడి అంత సూటిగా లేదు. తళ్ళికోటలో ఎదురు నిలిచిన గోలకొండ ఇబ్రహీం కుతుబుషాహా తన యౌవనమున ఏడేండ్లు విజయనగరమున రామరాయల ఆశ్రయమున తలదాచుకొన్నవాడు. తెలుగు కవులు ఆతనిని మల్కిభరాముడని ముద్దుగా పిలిచిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానమును ఆతనికే అంకితమిచ్చెను. యుద్ధమున కత్తి దూసినవారు యుద్ధము లేనినాడు ఒకరి కవులను ఒకరు, ఒకరి తాపీపనివారిని ఒకరు మెచ్చుకొనిరి. పనికి మతము లేదు. పనితనమునకు మాత్రమే విలువ. నేటికిని పెనుకొండ బాబయ్య దర్గాకు హిందువులును మహమ్మదీయులును కలసి పోవుట ఈ సీమవారెరిగినదే. గగనమహలు కమానునకు పైని శిఖరము ఎట్లు బరువుకాలేదో, అట్లే ఈ యూళ్ళలో ఒకరికొకరు బరువుకాక బ్రదుకుచు వచ్చిరి.

మహలునకు సమీపముననే శ్రీరామాలయము, ఈశ్వరాలయము ప్రక్కప్రక్కన నున్నవి. రామాలయపు గోడలపై రామాయణ, కృష్ణ కథలును, ఈశ్వరాలయపు గోడలపై శివలీలలును చెక్కబడియున్నవి. చదువురానివారికి అవియే ఆనాటి గ్రంథాలయములు. మహలును అరగంటలో చూచి వచ్చువారు ఈ గోడలకు ఒక గంట యిచ్చినచో నష్టపోరు. ప్రతి చిన్న శిల్పమునకును ఒక కథ గలదు. కథ తెలిసిన పెద్దవాడొకడు వెంట నున్నచో పిల్లలు ఇల్లు మరచుదురు.

గోడ నిలిచిన దినములు

శ్రీరంగరాయల కాలమున, 1576లో, బిజాపురపు అలీ ఆదిలుషాహా పెనుకొండను ముట్టడించెను. ముట్టడి మూడు నెలలు సాగెను. సవరము చెన్నప్ప నాయకుడు మొదలగువారు కోటను కాపాడిరి. గోలకొండ సుల్తాను ఈమారు పెనుకొండకు తోడు నిలిచెను. తళ్ళికోటలో ఎదుట నిలిచినవారే పదునొకండేండ్లకు ప్రక్కన నిలిచిరనుట గమనింపదగినది. బిజాపురపు సేన వెనుదిరిగెను.

శ్రీరంగరాయల తరువాత 1586లో వేంకటపతిరాయలు రాజయ్యెను. సుమారు మూడేండ్లకు గోలకొండ మహమ్మదు కులీ కుతుబుషాహా పెనుకొండపైకి వచ్చెను. నిన్నటి తోడు నేటి పగయైనది. కోటలో ధాన్యము చాలినంత లేదు. వేంకటపతి సంధి మాటలు పంపి, యుద్ధమునకు కొన్నాళ్ళ విరామమును సంపాదించెను. ఆ కొద్ది దినములలో కోటలోనికి ధాన్యము చేరెను. జగదేవరాయడు తుపాకిదళముతో లోపలికి ప్రవేశించెను. సంధి మాట అటుపై నెత్తిన వారు లేరు. వర్షకాలము సమీపించెను. కృష్ణ పొంగినచో వెనుకకు పోవుదారి మూయబడునని శంకించి గోలకొండ సుల్తాను ముట్టడిని విడిచిపోయెను. జగదేవరాయనికి చెన్నపట్టణపు సీమ బహుమానముగా దొరకెను. ఇది మైసూరు దారిలోని చెన్నపట్టణము గాని నేటి చెన్నై కాదు.

ఈ కథలో గెలిచినదెవరు? తుపాకులు పట్టినవారు గెలిచిరి, నిజమే. కాని మూడు దినములలో కోట నింపినంత ధాన్యము ఎచ్చటనుండి వచ్చినది? ఆకాశమునుండి రాలేదు. చుట్టుపట్టు పల్లెల పాతర్లనుండి, గాదెలనుండి, రాత్రింబవళ్ళు నడచిన యెడ్లబండ్లమీద రావలసినదే. రాగియు, జొన్నయు, ఉలవయు పండించిన చేతులు చరిత్రకారుని పుటలలో కానరావు. కోటను నిలిపినది అవియు. పెనుకొండ చుట్టునున్న పల్లెలవారు గగనమహలును చూడబోవునపుడు పరాయివారి యింటికి పోవునట్లు పోనక్కరలేదు. ఆ యింటి పోషణలో వారి పూర్వుల పాలును గలదు.

కొండ నీడలో కావ్యము

ఆపదలోనున్న రాజ్యమునకు కవిత్వ మేల యని కొందరు తలంతురు. పెనుకొండ దానికి చక్కని జవాబిచ్చినది. తెలుగువారు పంచకావ్యములని చెప్పుకొను వానిలో నొకటియైన వసుచరిత్రము అంకితమొందినది ఈ తిరుమలరాయలకే. కవి రామరాజభూషణుడు, ఆతనికే భట్టుమూర్తి యనియు పేరు. రామరాజు కొలువునకు భూషణమైనవాడు గనుక ఆ బిరుదు వచ్చినది. ఏ ప్రభువు పేరు బిరుదుగా మోసెనో, ఆ ప్రభువు యుద్ధభూమిలో కూలెను. అయినను కవి కలము క్రింద పెట్టలేదు. తమ్మునికి కావ్యమిచ్చెను.

ఆ కావ్యపు కథ ఈ సీమవారికి కొత్తదిగా తోచదు. కోలాహలమను పర్వతము శుక్తిమతి యను నదిని మోహించి దాని దారికడ్డముగా పడెను. వసురాజు ఆ పర్వతమును కాలితో చిమ్మి నదికి దారి విడిపించెను. ఆ కొండకును నదికిని పుట్టిన గిరికను ఆ రాజే పెండ్లాడెను. శ్లేషలతోను, సంగీతముతోను నిండిన ఆ కావ్యమును పండితులు కష్టపడి విప్పుదురు. కాని ఆ కథలోని ప్రాణమును పెనుకొండ నీడనున్న రైతు తేలికగా పట్టుకొనగలడు. నీటిదారి కడ్డుపడిన కొండను తొలగించినవాడే రాజనుట ఆతని కెవరును బోధింపనక్కరలేదు. ఒకనాడు యువరాజు ఆజ్ఞాపించిన కాలువయు, రెండువందల యేండ్లకు కవి వర్ణించిన నదియు ఒకే కొండ పాదమున కలిసినవి.

రాజు పోయిన తరువాత

1592 నాటికి వేంకటపతిరాయలు రాజధానిని చంద్రగిరికి మార్చుకొనెను. అచ్చటి రాజమహలు గగనమహలునకు తోబుట్టువువంటిది. దానికంటె పెద్దది, మూడంతస్తులది. అందు నేడు పురావస్తు ప్రదర్శనశాల గలదు. తిరుపతికి పోవు సోమందేపల్లివారు చంద్రగిరివరకు పోయి ఆ మేడను కూడ చూచినచో, పెనుకొండలో మొదలైన కట్టుబడి ఎట్లు పెరిగెనో తెలియును. మొదట హంపి కమలమహలు, పిదప గగనమహలు, అటుపై చంద్రగిరి రాజమహలు. ఈ మూడింటిని వరుసగా చూచినవాడు ఒక రాజ్యపు ఎండను, సాయంకాలమును చూచినవాడగును.

పెనుకొండ అటుపిమ్మట అధికారుల పాలనలో నుండి, 1652 ప్రాంతమున బిజాపురమువారికి వశమయ్యెను. ఆపై మొగలాయిలు, మరాఠాలు, మైసూరు హైదరాలీ, టిప్పుసుల్తాను వరుసగా వచ్చిరి. 1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి విడిచిపెట్టెను. దత్తమండలములన్న పేరు దానివలననే వచ్చినది. తామస్ మన్రో 1807 వరకు ఈ మండలములకు ప్రధాన కలెక్టరుగా నుండి భూములు కొలిపించి శిస్తు నిర్ణయించెను. 1882లో అనంతపురము జిల్లా ఏర్పడెను. 2022లో పెనుకొండ, సోమందేపల్లి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. ఇన్ని చేతులు మారినను మేడ మారలేదు. కాపాడినవారు తక్కువ, కూల్చుటకు తీరిక లేనివారెక్కువ.

ఆ కాలముననే కల్నల్ మెకంజీ పనుపున కావలి సోదరులు మొదలైనవారు ఊరూర తిరిగి, గ్రామకరణముల యొద్దనున్న దండకవిలెలను చూచి, పెద్దల నోటిమాటలు విని, కైఫీయతులు వ్రాయించిరి. ఏ చెరువు నెవరు కట్టించిరి, ఏ గుడికి ఏ మాన్యము, ఏ యూరికి ఏ పేరెట్లు వచ్చెను అన్న సంగతులు వానిలో గలవు. కరణపు పదవి 1984లో రద్దయ్యెను. కవిలెలలో పెక్కు చెదలపాలయ్యెను. ఎత్తివ్రాసినవి మాత్రము మిగిలినవి. రాతిమేడ నాలుగువందల యేండ్లు నిలిచినది. తాటాకు మేడను నిలుపవలెనన్న ఎవడో యొకడు కూర్చుండి మరల వ్రాయవలెను. గ్రంథాలయము చేయు పని అదియే.

నేడు పొంచియున్న ముప్పు

ఇక నొక కటువైన మాట చెప్పక తప్పదు. 550 యేనుగుల కథ పుస్తకములో నున్నంతవరకు హాని లేదు. అది దురాశాపరుని చెవిలో పడినపుడు గునపముగా మారును. రాయలసీమ శిథిలాలయములలో గుప్తనిధులకై నందులను పెకలించుట, గర్భగుడులను త్రవ్వుట, శాసనపు బండలను పగులగొట్టుట నేటికిని మానలేదు. అట్లు త్రవ్వినవానికి దొరకునది మన్ను. ఊరికి పోవునది చరిత్ర. తిరుమలరాయలు గుఱ్ఱపు వెల ఇయ్యలేకపోయెనన్న సంగతి తెలిసినవాడు ఆయన కోటలో బంగారము కొరకు త్రవ్వడు. ఈ యొక్క సంగతి పది మందికి తెలిసినచో పది గుడులు నిలుచును. చరిత్ర చదువుట తీరికవేళ వినోదము కాదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

మరికొందరు దురాశ లేనివారే, మొలతోను బొగ్గుతోను గగనమహలు గోడలపై తమ పేర్లు వ్రాయుదురు. కాలువ త్రవ్విన సింగాయభట్టు పేరు రాతిపై నిలుచుటకు ఆతడు ఒక యూరికి నీళ్ళు తెచ్చెను. ఏమియు తేక పేరు మాత్రము నిలుపుకొనజూచుట సిగ్గుచేటు. పిల్లలను తీసికొనిపోవు పెద్దలు మెట్లెక్కుటకు ముందే ఈ మాట చెప్పినచో మేలు.

పొలములలోను, చెరువు తూములయొద్దను, గుడి ముంగిళ్ళయందును అక్షరములున్న బండలు ఇంకను గలవు. కొన్ని చోట్ల అవి బట్టలుతుకు బండలైనవి. కొన్ని చోట్ల గోడలో తలక్రిందుగా కట్టబడినవి. అట్టి దానిని చూచినవారు దానిని కదల్పక, పగులగొట్టక, బడిపంతులునకో గ్రంథాలయమునకో తెలియజేసినచో, చదువగలవారు వచ్చి చదువుదురు. పెనుకొండ కాలువ కథ మనకు తెలిసినది ఒక్క బండ మిగిలియుండుటచేతనే గదా.

సోమందేపల్లినుండి రానున్న సెలవునాడు పెనుకొండకు పోవువారు ఈ వరుసలో చూతురుగాక: మొదట కోటగోడ, పిదప చెరువు, అటుపై గుడిగోడలపై కథలు, చివరకు గగనమహలు. అట్లు చూచినచో మేడ చిన్నదిగా తోచదు. సర్వమును కోల్పోయి ఎనిమిది దినములు నడచివచ్చినవారు, గోడను బలపరచి, ధాన్యము నింపి, కవిని ఆదరించి, మిగిలినదానితో కట్టుకొన్న యిల్లది. పంట పోయిన యేడును మరుసటి వానకు మడక కట్టు రైతునకు ఆ యింటి మర్యాద తెలియును.

పాతికయేండ్లుగా ఈ యూర దీపము వెలిగించి పుస్తకము చేతికిచ్చుచున్న గ్రంథాలయము, బడిపుస్తకము విడిచిన పుటలను మన పిల్లలకు చదివించుచు, నూరేండ్లు వర్ధిల్లుగాక.